పిల్లలతో సహా సివిల్ వార్ రీఎనాక్ట్‌మెంట్‌లో చేరాలనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వారింగ్టన్ అమ్మ:

నమస్కారమండీ. మేము వారింగ్టన్‌లో ఉంటాం, సొంతూరు కరీంనగర్. పాపకి పదమూడేళ్లు, బాబుకి ఏడు. ఈ జనవరిలో నాంట్‌విచ్ వెళ్లి హాలీ హోలీ డే చూశాం. ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ మధ్య నడిచిన సివిల్ వార్‌లో, 1644లో అక్కడ జరిగిన యుద్ధాన్ని ఏటా మళ్లీ ఆడి చూపిస్తారట. డ్రమ్ములు మోగుతుంటే, పొడవాటి బల్లేలు పట్టుకుని, ఆ కాలపు బట్టల్లో జనం బారులుగా ఊరి మధ్య నుంచి నడిచి వెళ్లారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు, తాతలున్నారు, తల్లి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలున్నారు. మా పాప ఆ రోజు నుంచి ఒకటే పట్టు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని, రాజుది న్యాయమా పార్లమెంటుది న్యాయమా అని అన్నం దగ్గర కూడా అదే చర్చ.

అక్కడున్న వాళ్లని అడిగితే, సీల్డ్ నాట్ అనే సంఘమని, ఇంటిల్లిపాదీ చేరొచ్చని చెప్పారు. మా ఆయనకి ఉత్సాహంగానే ఉంది. నాకే టెన్షన్. నిజం తుపాకులు, మందుగుండు ఉన్నచోటికి ఏడేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా? వాడు దీపావళి బాంబులకే మంచం కిందికి దూరతాడు. మేము శాకాహారులం, టెంట్లలో రెండు మూడు రోజులుంటే ఏం తింటాం? ఇంకో మాట, బయట ఎవరినీ అడగలేక ఇక్కడ అడుగుతున్నాను. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ సైన్యంలో మనలాంటి మొహాలు కనిపిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పాప అంత ఆశగా వెళ్లి అక్కడ చిన్నబుచ్చుకుంటుందేమోనని నా భయం. మన తెలుగువాళ్లు ఎవరైనా ఇందులో ఉంటే దయచేసి చెప్పండి.

బ్రిస్టల్ నాన్న:

వద్దని చెప్పను కానీ, ఒక్కసారి ఆలోచించండి. మా నాన్నగారు 1971 యుద్ధంలో ఉన్నారు. ఆ రోజుల గురించి ఆయన ఇంట్లో నోరు విప్పింది చాలా తక్కువ. అందుకే ఇలాంటివి చూసినప్పుడు నాకు మనసొప్పదు. జనం చప్పట్లు కొడుతుంటే మనుషులు పడిపోతారు, కాసేపటికి లేచి దులుపుకుని ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడతారు. దీన్ని చూసిన పిల్లలకి యుద్ధమంటే ఏం అర్థమవుతుంది? పాపకి చరిత్ర ఇష్టమైతే కోటలున్నాయి, మ్యూజియంలున్నాయి. తప్పుగా అనుకోకండి, తండ్రిగా నా బాధ చెప్పాను.

క్రూ నర్సు:

వారింగ్టన్ అమ్మగారూ, మేము నాంట్‌విచ్ పక్కనే క్రూలో ఉంటాం. మాది నరసాపురం. ఇంటిల్లిపాదీ సీల్డ్ నాట్‌లో పార్లమెంటు పక్షం రెజిమెంట్ ఒకదాంట్లో కొన్నేళ్లుగా ఉన్నాం. మా ఆయన పైక్, అంటే మీరు చూసిన ఆ పొడవాటి బల్లెం, పడతారు, పెద్దోడు డ్రమ్ము కొడతాడు, చిన్నది గుడారాల దగ్గర నూలు వడకడం నేర్చుకుంటోంది, నేను సర్జన్ బల్ల దగ్గర ఉంటాను. బయట కూడా నా ఉద్యోగం సర్జికల్ వార్డులోనే. బ్రిస్టల్ నాన్నగారు అడిగింది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, దానికి తప్పకుండా వస్తాను. ముందు మీ భయాలు చూద్దాం.

తుపాకుల సంగతి. ఆ కాలం మస్కెట్లు ఎక్కువగా వత్తితో పేలేవి. సురేకారం పట్టించిన తాడు కొస నెమ్మదిగా రాజుకుంటూ ఉంటుంది. మీట నొక్కితే ఆ నిప్పు తుపాకీకి ఉండే చిన్న పళ్లెంలోని మందుకి తగిలి పేలుతుంది. మైదానంలో పోసేది మందు ఒక్కటే, గుండు ఉండదు. ఎదుటివాళ్లు దగ్గరికొచ్చాక గొట్టాన్ని పైకెత్తి పేలుస్తారు తప్ప మనిషి మీదికి గురిపెట్టరు. ఎవరైనా సొంతంగా మస్కెట్ పెట్టుకోవాలంటే పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, మందు కొనుక్కోవడానికి ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ వేరే. కాబట్టి మీ ఆయన చేరగానే ఇంట్లోకి తుపాకీ వచ్చేస్తుందని భయపడకండి. ఇక పిల్లల్ని మందు దరిదాపుల్లోకి కూడా రానివ్వరు. ఏ వయసులో ఏ పని అన్నది మీరు చేరబోయే రెజిమెంట్‌నే అడగండి. మా దగ్గరైతే పిల్లల చేతికి ఆయుధం ఇవ్వరు. కాస్త పెద్దపిల్లలు ముందు డ్రమ్ము నేర్చుకుంటారు. మీ పాపకి డ్రమ్ము చెప్పిచూడండి. ఆ రోజుల్లో సైన్యానికి ఆజ్ఞలు అందేది డ్రమ్ముల మీదే. అరుపులు వినపడని చోట కూడా డ్రమ్ము వినపడుతుంది. నడవాలా, ఆగాలా, వెనక్కి రావాలా అన్నది ఆ దరువుని బట్టే తెలుస్తుంది. అందుకే డ్రమ్ము కొట్టే పిల్లలు మా దగ్గర చాలా బాధ్యతగా ఉంటారు.

బాబు విషయంలో మాత్రం నిదానించండి. మస్కెట్ల కంటే ఫిరంగి చప్పుడు గుండెలకి తగులుతుంది. మంచి ఇయర్ డిఫెండర్లు కొనండి, మొదట్లో చూసేవాళ్ల ముందు కట్టే తాడు దగ్గర నిలబెట్టకుండా గుడారాల దగ్గరే ఉంచండి. మా చిన్నది కూడా ఫిరంగంటే ఏడ్చేది. ఒక సాయంత్రం ఫిరంగి దళంవాళ్లు దాన్ని పిలిచి, ఖాళీ ఫిరంగి చుట్టూ తిప్పి, తడి బ్రష్షుతో గొట్టం తుడిచేది ఎవరు, మందు పెట్టేది ఎవరు, నిప్పంటించేది ఎవరు అని ఒక్కొక్కటీ చేయించి చూపించారు. తర్వాతి రోజు నుంచి 'ఇప్పుడు పేలుతుంది' అని తనే మాకు చెప్పడం మొదలుపెట్టింది. చప్పుడు ఎప్పుడొస్తుందో తెలిస్తే పిల్లలకి సగం భయం పోతుంది.

తిండికి ఇబ్బంది లేదు. అందరూ పాతకాలం గుడారాల్లోనే ఉండక్కర్లేదు, మామూలు టెంట్లు వేసుకునే మైదానం వేరే ఉంటుంది. అక్కడ మీ గ్యాస్ స్టవ్వు మీద పప్పు, చారు పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. చూడవచ్చేవాళ్ల ముందు వండేటప్పుడు మాత్రం ఆ కాలం వంటే వండాలి. బార్లీ, ఎండు బఠాణీలు, లీక్స్, ముల్లంగి జాతి దుంపలు వేసి పెద్ద ఇనపకుండలో ఉడికిస్తాం. పాటేజ్ అంటారు. సామాన్యుల వంటలో బంగాళాదుంప, టమాటా అప్పటికి లేవు, అందుకని వెయ్యం. మిరియాలు, అల్లం, జాజికాయ ఉండేవి కాబట్టి అవి నేను ధైర్యంగా వేస్తాను. మాంసం కుండ వేరే పెట్టమని ముందే చెప్పండి, పెడతారు.

ఇప్పుడు మీరు మొహమాటపడుతూ అడిగిన ప్రశ్న. నన్నూ అడిగేవాళ్లున్నారు, ఎక్కువమంది మర్యాదగానే అడుగుతారు. వాళ్లకి నేను చెప్పేది ఇది. 1616 డిసెంబరు 22న లండన్‌లో సెయింట్ డయోనిస్ చర్చిలో ఒక కుర్రాడికి బాప్టిజం ఇచ్చారు. బంగాళాఖాతం తీరంలో పుట్టినవాడని రికార్డు. ఈస్టిండియా కంపెనీ చాప్లిన్, అంటే మతగురువు, వెంట వచ్చాడు. పీటర్ అన్న పేరు పెట్టింది స్వయంగా జేమ్స్ రాజు, అంటే ఈ యుద్ధంలో తల పోగొట్టుకున్న చార్లెస్ తండ్రి. కాబట్టి ఆ కాలపు ఇంగ్లండ్‌లో మన మొహం అరుదే కానీ అసాధ్యం కాదు. ఇంకా వినేవాళ్లుంటే మచిలీపట్నం గురించి చెబుతాను. ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టింది 1611లో. మద్రాసు కోటకి చోటిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడి పట్టా 1639 నాటిది, ఇక్కడ యుద్ధం మొదలవడానికి మూడేళ్ల ముందు. నాంట్‌విచ్‌లో వీళ్లు మంచులో కొట్టుకుంటున్నప్పుడు గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్నాడు. నా బల్ల మీద చిన్న గిన్నెలో సురేకారం పెడతాను. మందుగుండుకి అదే ప్రాణం. అది తయారుచెయ్యడానికి రాజుగారి మనుషులు జనం గుర్రపుశాలల్లో, పావురాల గూళ్లలో మట్టి తవ్వుకుపోయేవాళ్లు. రాజు మీద జనం కోపానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. అదే సురేకారాన్ని ఆ శతాబ్దంలోనే కంపెనీ ఓడలు మన దేశం నుంచి మోసుకొచ్చాయి. ఇవన్నీ విన్నాక నువ్వెక్కడిదానివి అని అడిగినవాళ్లే ఇంకో ప్రశ్న వేస్తూ నిలబడిపోతారు. మీ పాపకి ఈ నాలుగు ముక్కలు నేర్పి పంపండి, తనే అందరికీ చెబుతుంది.

బ్రిస్టల్ నాన్నగారూ, ఇప్పుడు మీ మాట. మీ నాన్నగారి మౌనం ఎలాంటిదో వార్డులో పెద్దవాళ్ల దగ్గర నేనూ చూశాను. యుద్ధాన్ని తమాషాగా చూపిస్తే నేను ఒక్కరోజు కూడా ఉండేదాన్ని కాదు. మైదానంలో పోరాటం అయిపోయాక జనం మా గుడారాల వైపు వస్తారు. అక్కడ నా బల్ల మీద ఎముకలు కోసే రంపం, గుండు లాగే పొడవాటి పటకారు, గాయం కాల్చే ఇనుము ఉంటాయి. పిల్లలు ముందు రంపం చూసి నవ్వుతారు. మత్తుమందు లేదని, నలుగురు పట్టుకుంటేగానీ కోత సాగేది కాదని చెప్పగానే నవ్వు ఆగిపోతుంది. ఆ యుద్ధాల్లో కత్తికీ గుండుకీ పోయినవాళ్ల కంటే జ్వరాలతో పోయినవాళ్లే ఎక్కువని చరిత్రకారుల అంచనా. 1643లో రెడింగ్ ముట్టడి తర్వాత పార్లమెంటు సేనాని ఎసెక్స్ ప్రభువు సైన్యాన్ని టైఫస్ జ్వరం ఊడ్చేసింది. నర్సుగా నాకు ఈ కథే ముఖ్యం, అందుకే నేను ఆ బల్ల వదలను.

దీని తర్వాతి కథ ఇంకా ముఖ్యం. గాయపడ్డ సైనికులనీ, చనిపోయినవాళ్ల భార్యాపిల్లలనీ ఆదుకునే పూచీ మాదని పార్లమెంటు 1642లో ఒప్పుకుంది. 1644లో లండన్‌లో సవోయ్‌ని సైనికుల ఆసుపత్రిగా తీసుకున్నారు. అక్కడ నర్సులుగా ఎక్కువగా సైనికుల విధవలనే పెట్టుకున్నారు. అయినా పింఛను చేతికి రావాలంటే జిల్లా మేజిస్ట్రేట్ల ముందు అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీలు నాంట్‌విచ్ ఉన్న మన చెషైర్ నుంచి కూడా చాలా మిగిలాయి. సివిల్ వార్ పిటిషన్స్ అనే వెబ్‌సైట్‌లో అసలు కాగితాల ఫొటోలతో సహా చదవొచ్చు. చెయ్యి పోయి పొలం పని చేసుకోలేనివాళ్లు, పిల్లల్ని సాకలేని విధవలు అందులో మాట్లాడతారు. మా దగ్గరికొచ్చే స్కూలు పిల్లలకి అవి చదివి వినిపిస్తాం. నేస్బీ యుద్ధం గురించి కూడా దాచం. 1645 జూన్ 14న యుద్ధం గెలిచిన పార్లమెంటు సైనికులు, ఓడిన సైన్యం బండ్ల దగ్గర ఉన్న ఆడవాళ్లని వందమంది దాకా నరికేశారు. నేను వేసుకునేది ఆ గెలిచినవాళ్ల పక్షపు బట్టలు. అందుకే నా నోటితో నేనే అది చెప్పాలనుకుంటాను. చిన్నపిల్లలుంటే చెప్పను, మీ పాప వయసు వాళ్లుంటే చెబుతాను.

నాంట్‌విచ్‌లో ఊరేగింపు రోజు చనిపోయినవాళ్లకి పూలచక్రం పెడతారు. రెండు పక్షాలూ టోపీలు తీసి నిలబడతాయి. వచ్చే ఏడు మీరు కాస్త ముందుగా వచ్చి అది చూడండి నాన్నగారూ. కుటుంబంతో సైన్యం వెంట వెళ్లడం మేము కొత్తగా కల్పించింది కాదు. అప్పట్లోనూ సైన్యం వెనక భార్యలు, పిల్లలు, బట్టలుతికేవాళ్లు, రొట్టెలమ్మేవాళ్లు నడిచారు. వాళ్లు లేకుండా చూపిస్తేనే యుద్ధం ఆటలా కనిపిస్తుందని నా నమ్మకం.

పాలకొల్లు టు లెస్టర్:

నర్సక్క అంతా చెప్పేసింది. మీ ఆయన కోసం పైక్ గురించి నేను చెబుతాను, నేను రాజు పక్షం.

పైక్ పదహారు అడుగులుంటుంది, ఇనుము కాదు, కర్రే. కొస దగ్గర మాత్రం మొద్దు చేసిన మొన బిగిస్తారు. గాలి ఉన్న రోజు దాన్ని నిలువుగా పట్టుకోవడమే పెద్ద పని. మస్కెట్‌కి మందు దట్టించే లోపు గుర్రాలు మీద పడకుండా కాపాడటం అసలు పైక్‌ల పని. రెండు పైక్ దళాలు ఎదురుపడ్డప్పుడు పైక్‌లు పైకెత్తేసి భుజాలతో తోసుకుంటాం. మన జాతరలో రథం మోకు పట్టినవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా ఆనుకుంటారో అలాగే, పక్కవాడి మీద నమ్మకం లేకపోతే అడుగు పడదు. ఎవరైనా నిజంగా పడితే వెంటనే కేక వేస్తారు, అంతా ఆగిపోతుంది. ఈ ఒక్క నియమాన్ని ప్రాణంలా పాటిస్తారు కాబట్టే నేను మా ఆవిడని కూడా పైక్ పట్టడానికి ఒప్పించాను. ఆడవాళ్లు మైదానంలోకి రావచ్చు. ఆ రోజుల్లోనూ లేథమ్ హౌస్‌ని డెర్బీ ప్రభువు భార్య, బ్రాంప్టన్ బ్రయన్ కోటని బ్రిలియానా హార్లీ ముట్టడికి ఎదురు నిలిచి కాపాడారు. ఒకావిడది రాజు పక్షం, ఇంకొకావిడది పార్లమెంటు పక్షం. మీ పాప చర్చకి పనికొస్తారు.

బట్టలు ఇప్పుడే కొనకండి. చాలా రెజిమెంట్లు కొత్తవాళ్లకి మొదట అరువిస్తాయి. తర్వాత కొనేటప్పుడు ఉన్ని, నారబట్ట మాత్రమే కొనండి. పాలిస్టర్ చూడ్డానికి తేడాగా ఉండటం ఒక్కటే కాదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. గుడారాల మధ్య పొయ్యిలుంటాయి, వత్తులుంటాయి. అసలు ఖర్చు బూట్ల దగ్గర తగులుతుంది. పిల్లల పాదాలు పెరుగుతాయి కాబట్టి వాళ్లకి రెజిమెంట్ పెట్టెలోంచే తీసుకోండి, పెద్దపిల్లలకి చిన్నవైపోయినవి దాంట్లో దొరుకుతాయి. సభ్యత్వం కట్టాక బీమా ఎంతవరకు వర్తిస్తుందో అడిగి కాగితం చదవండి.

నాంట్‌విచ్ యుద్ధం కథ పాపకి చెప్పారా? చెషైర్‌లో పార్లమెంటు చేతిలో మిగిలిన ఊరు అదొక్కటే. రాజు పక్షం సేనాని బైరన్ ప్రభువు దాన్ని ముట్టడించాడు. పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ పెన్నైన్ కొండలు దాటి మంచులో సైన్యాన్ని నడిపించుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే మంచు కరిగి వీవర్ నది పొంగింది, వంతెన కొట్టుకుపోయి బైరన్ సైన్యం నదికి రెండు పక్కలా చీలిపోయింది. ఓడినవాళ్లలో చాలామంది యాక్టన్ చర్చిలో దొరికారు. ఖైదీల్లో జార్జ్ మంక్ ఉన్నాడు. అతనే 1660లో రెండో చార్లెస్‌ని తిరిగి గద్దె మీదికి తెచ్చింది. ఊరివాళ్లు విడుదలైన సంతోషంలో టోపీల్లో హాలీ చెట్టు కొమ్మలు పెట్టుకున్నారు, పండగకి ఆ పేరు అందుకే. మేము ఏటా ఓడిపోయేది అక్కడే, అయినా ఒక్క జనవరి కూడా మానను.

వారింగ్టన్ అమ్మ:

అక్కా, అన్నయ్యా, ఇంత ఓపికగా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియట్లేదు. పాపకి మొత్తం చదివి వినిపించాను. నేస్బీ దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ అర్జీల వెబ్‌సైట్ తెరిచి కూర్చుంది. రాత్రి భోజనాల దగ్గర ఒక విధవ అర్జీ గురించి చెప్పి, 'మరి ఆమెకి డబ్బులిచ్చారా లేదా' అని వాళ్ల నాన్నని నిలదీసింది. తను డ్రమ్ము నేర్చుకుంటానంటోంది, అక్క బల్ల దగ్గర కూడా ఉండొచ్చా అని అడగమంది.

రెండు చిన్న సందేహాలు. పాపకి కళ్లజోడు ఉంది, లేకపోతే బోర్డు కూడా కనపడదు. నా మంగళసూత్రం, ముక్కుపుడక తియ్యాలా? అవి తీసి నేను ఉండలేను.

బ్రిస్టల్ నాన్న:

నర్సుగారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. మైదానంలో చప్పట్ల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. మీ బల్ల గురించి మాత్రం నాకు తెలియదు, అలాంటిది ఉంటుందని ఊహించలేదు. మా అబ్బాయి నర్సింగ్ చదవాలనుకుంటున్నాడు. వాణ్ణి తీసుకుని ఒకసారి గుడారాల వరకు వస్తాను, యుద్ధం చూడకుండా అక్కడికి మాత్రమే రావొచ్చా?

క్రూ నర్సు:

నిక్షేపంగా రావొచ్చు నాన్నగారూ. గుడారాలు పొద్దున్నే తెరుస్తారు, మైదానంలో పోరాటం సాధారణంగా మధ్యాహ్నం. పొద్దున జనం తక్కువగా ఉంటారు కాబట్టి నేనూ తీరిగ్గా మాట్లాడగలను. అబ్బాయికి నా మాటగా న్యూఆర్క్‌లోని నేషనల్ సివిల్ వార్ సెంటర్ కూడా చూపించండి.

వారింగ్టన్ అమ్మగారూ, కళ్లజోడుకి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లున్నారు. పదమూడేళ్లకి లెన్స్ వద్దనుకుంటే రెజిమెంట్‌తో మాట్లాడండి, కనపడకుండా మైదానంలో తిరగడం కంటే కళ్లజోడుతో ఉండటమే క్షేమం. డ్రమ్ము పిల్లలు దారి చూసుకోవాలి. సూత్రం తియ్యక్కర్లేదు, లోపలి నార చొక్కాకి మెడ దగ్గర ముడి ఉంటుంది, దాని కింద ఉంచుకుంటే బయటికి కనపడదు. నాదీ అక్కడే ఉంటుంది. ముక్కుపుడక నేను తియ్యలేదు, ఎవరైనా అడిగితే మచిలీపట్నం కథ మొదలుపెడతాను. చేతి గడియారం, నెయిల్ పాలిష్, ఫోను మాత్రం జనం ఉన్నంతసేపూ కనపడకూడదు.

పాప నా బల్ల దగ్గర ఉండొచ్చు. కట్లు కట్టడానికి నారబట్ట పేలికలు చింపి చుట్టాలి, ఆ పని తనకిస్తాను. పెద్ద శిబిరాలు ఎక్కువగా బ్యాంక్ హాలిడే వారాంతాల్లో ఉంటాయి, ఈస్టర్ నుంచి మొదలవుతాయి. దానికి ముందే రెజిమెంట్‌వాళ్లు ఊళ్లో హాలు తీసుకుని డ్రిల్ నేర్పుతారు. అక్కడ మందు ఉండదు, చప్పుడు ఉండదు, బాబుకి మొదలుపెట్టడానికి అదే మంచి చోటు. నాకు ఇక్కడే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, తేదీ తెలియగానే చెబుతాను. నలుగురి కొలతలూ, పాదాల సైజులూ కూడా రాసి పంపండి, పెట్టెలో ఏమున్నాయో ముందే చూసి పక్కన పెడతాను.